హాల్లో మంచం బొమ్మ

మొన్న ఇంటికి రంగులేయడానికి వచ్చినాయన హాల్లో పటం దించుతూ, "ఇది యా లాడ్జి గదమ్మా?" అని అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. పసుపుపచ్చ మంచం, రెండు కుర్చీలు, ఓరగా తెరిచిన కిటికీ, మనిషన్నవాడు లేడు.

మావారి సంవత్సరీకానికి ముందు, ఆయన ఫోటో పెద్దది చేయించి హాల్లో పెట్టాలని మరిది పురమాయిస్తే, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వెళ్లాను. పటాలు కట్టే సాయిబు దగ్గర రెండే రకాలు: దేవుళ్లకు బంగారు రంగు చట్రం, పోయినవాళ్లకు నల్లది. మావారికి నల్లది సిద్ధంగా ఉంది. దాని వెనకాల, రంగు వేయని చెక్క చట్రంలో ఈ మంచం కనిపించింది. ఫ్రాన్సులో ఎవరో ఎప్పుడో వేసిన చిత్రానికి మేలురకం ప్రింటట. గండికోట దగ్గర లాడ్జి కట్టినాయన బెంగుళూరు నుంచి తెప్పించి, పటం కట్టించి, తీరా చూసి, మా గదులే ఇంతకన్నా బాగుండాయని వదిలేసి పోయాడట.

నేను అక్కడే నిలబడిపోయాను. పెళ్లయింది మొదలు నాకంటూ ఒక గది లేదు. అత్తగారి పక్కన, పిల్లల పక్కన, చివరికి మావారి ఆక్సిజన్ యంత్రం పక్కన పడుకున్నాను. ఆయన మంచివాడే, కాకపోతే ఇంట్లో క్యాలెండరు ఎక్కడ తగిలించాలో కూడా ఆయనే చెప్పాలి. ఈ బొమ్మలోని గదిలో తలుపేసుకుని హాయిగా పడుకోవచ్చనిపించింది. కొనేశాను.

"ఎవురికమ్మా అది?" అన్నాడు సాయిబు.

"నాకే. బతికుండేదానికి," అన్నాను.

సంవత్సరీకం నాడు భోజనానికి కూర్చున్న మరిది తలెత్తి ఎదురు గోడ చూశాడు. విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఏంది వదినా ఇది? అన్న ఫోటో యాడ?"

"ఆయన పడుకునే గదిలోనే పెట్టినా."

"ఖాళీ మంచం హాల్లో పెడితే నలుగురూ ఏమనుకుంటారు? తీసేయ్. లేకుంటే నేనీ గడప తొక్కను."

"నీ ఇష్టం అప్పా. బొమ్మ మాత్రం దిగదు."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, చుట్టాలంతా నన్నే తప్పుపట్టారు. శానా రోజులకు ఒక పండక్కి వచ్చి, ఆ గోడకు వీపు పెట్టి కూర్చుని, కాఫీ తాగి వెళ్లాడు. పాపం అనిపించింది గానీ, తప్పు చేశానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఈ వయసులో నాకింకెంత కాలం మిగిలి ఉందో తెలియదు. ఉన్నంత మాత్రం ఎవరినీ అడిగి గడపను.