షిఫ్ట్ మీద మా టైపు సార్ వేలు

మా టైపు సార్ పోయారని మొన్న సోమవారం తెలిసింది. బహదూర్‌పురాలో ఆయన ఇన్‌స్టిట్యూట్ పక్కనుండే దర్జీ మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. "అమ్మా, సార్ లేడు. నిద్రలనే పోయిండు" అన్నాడు. కొడుతున్న కాగితం మిషన్‌లోనే వదిలి లేచాను. ఈ కుర్చీలో నేను కూర్చున్నది ఆయన చలవ వల్లే. ఆ సంగతి నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది ఒంటబట్టదు.

పొద్దున ఆరింటికి మొదటి బ్యాచ్. అంతకుముందే వచ్చి, మిషన్ల మీది గుడ్డలు తీసి, కోడి ఈకతో నూనె పెట్టేవారు. మేం అక్షరాల వంక చూస్తే మా చేతుల మీద తన రుమాలు కప్పేవారు. తిట్టడం రాని మనిషి. తప్పు కనబడితే తల గోక్కుని, "ఏంది బిడ్డా గిది" అనేవారు, అంతే. ఆ మాటకే నాకు కళ్లనీళ్లు తిరిగేవి. భయపడటంలో పరీక్ష పెడితే నాదే ఫస్టు క్లాసు. "ఫికర్ చేస్తే వేళ్లు బిగుసుకుంటయి, పని చేస్తే వదులైతయి" అని నాతో ఎన్నిసార్లన్నారో.

చిన్నప్పుడు తలుపు సందులో పడి నా ఎడమ చిటికెన వేలు నలిగింది. దానికి బలం లేదు. ఇంగ్లీషు టైపులో పెద్దక్షరం, అంటే క్యాపిటల్, కావాలంటే ఆ వేలితోనే షిఫ్ట్ మీట నొక్కాలి. పది పేర్లు కొట్టేసరికి వేలు సగమే దిగి, అక్షరం గీత మీద తేలేది. ఉద్యోగంలో చేరాక నేను కనిపెట్టిన దొంగదారి షిఫ్ట్ లాక్. అది వేసేస్తే అన్నీ పెద్దక్షరాలే, వేలికి పని లేదు.

పర్మనెంటు చేయబోయే అటెండర్లు, వాచ్‌మన్ల జాబితాను అట్లాగే కొట్టిచ్చాను. నూట ఎనభై పేర్లు. మర్నాడు సాయంత్రం సూపరింటెండెంటు పిలిచాడు.

"ఏందమ్మా ఇది? అన్నీ పెద్దక్షరాలేనా? పెద్దసారు వాపస్ పంపిండు. మొదటక్షరమే పెద్దగుండాలె. రేపు పదకొండింటికి నా బల్ల మీద లేకుంటే, నీ ఆర్డర్ పొడిగించుమని నేను రాయ."

నాది తాత్కాలిక ఉద్యోగం, ఆర్డర్ పొడిగిస్తేనే ఉంటుంది. బాపు రెండేళ్లుగా దమ్ము జబ్బుతో మంచంలో ఉన్నారు. ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

తెల్లారి ఆరింటికల్లా కాపీలు తీసే మైనపు కాగితాలు, కొత్త స్టెన్సిళ్లు, చంకలో పెట్టుకుని కిషన్‌బాగ్‌లోని మా ఇంటి నుంచి ఇన్‌స్టిట్యూట్‌కు నడిచాను. సంగతంతా విని సార్ తల గోక్కున్నారు.

"మీరే కొట్టియ్యిర్రి సార్" అన్నాను ఏడుస్తూ.

"నేను కొట్టిస్తే, రేపు ఇంకో లిస్టొస్తే ఎట్ల? నువ్వే కొట్టు. షిఫ్ట్ నేను పట్టుకుంట."

స్టూలు లాక్కుని నా ఎడమ పక్కన కూర్చున్నారు. పేరు చదివి ఆయన షిఫ్ట్ నొక్కాలి, నేను మొదటక్షరం కొట్టాలి, ఆయన వదలాలి, మిగతావి నేను కొట్టాలి. చెప్పుకోవడానికి సులువే. ఆయన వేలు తీయకముందే నా వేలు ఉరికేది, రెండోది కూడా పెద్దక్షరమే పడేది. తప్పు మీద ఎర్రమందు పూసి, ఆరేదాకా ఊది, మళ్లీ కొట్టాలి. మొదటి స్టెన్సిల్ మీదే ఆరు మచ్చలు. నా చూపంతా గోడ గడియారం మీదే.

"గడియారమేమన్న టైపు కొడ్తదా? పేరు చూడు. క్లాసుల లీడరొక్కడు నిలబడ్తడు, తక్కినోళ్లు కూసుంటరు. గట్లనే ఇది."

ఆ తర్వాత మొదటక్షరాన్ని సాగదీస్తూ చదవడం మొదలుపెట్టారు. "రా...ములు. ఖా...జా. ఎ...ల్లయ్య." ఆ సాగుడుకు నా వేళ్లు ఆగడం నేర్చాయి. మొదటి బ్యాచ్ వాళ్లు తమ పాఠం తామే కొట్టుకుని పోయాక, రెండో బ్యాచ్ పిల్లలు గుమ్మంలోకి వచ్చారు. షిఫ్ట్ మీది వేలు తీయకుండానే, "ఇయ్యాల బంద్, రేపు రార్రి" అన్నారు. పండుగనాడు కూడా తలుపు తీసే మనిషి. తొమ్మిదిన్నరకు ఆఖరి పేరు పడింది. "ఉరుకు, బస్సు పోతది" అన్నారు.

చిటికెన వేలి పనిని ఉంగరపు వేలికి ఆయన నేర్పించింది ఆ తర్వాతి నెలలో. ఇప్పటికీ అట్లాగే కొడతాను.

ఆఫీసులో సూపరింటెండెంటు ఒక ప్రతి తీయించి, పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్క పేరే చూశాడు. మూడో కాగితంలో పెన్సిల్ ఆగింది. అతను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి కాగితం తిప్పాడు. బాగుందనలేదు. చివర సంతకం పెట్టి, "నీ ఆర్డర్ గూడ పట్రా" అన్నాడు.

అప్పుడే అటెండర్ వచ్చాడు. "అమ్మా, కింద ఎవరో పెద్దమనిషి మస్తు సేపటి నుంచి నిలబడ్డడు. పైకి రమ్మంటే రాడు."

మెట్లు దిగి ఉరికాను. మా సార్. నా వెనకాలే ఇంకో బస్సెక్కి వచ్చేశారు.

"ఏమన్నడు?"

"సంతకం చేసిండు సార్. నా ఆర్డర్ మీద గూడ చేస్తుండు."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయారు. "జర నీళ్లు తే బిడ్డా. పొద్దుగాల్నుంచి గొంతుల చుక్క దిగలే."

గ్లాసు తెచ్చిచ్చాను. ఆయన గుక్క తిప్పుకోకుండా ఎత్తితే, తాగినవి సగం, ఒలికినవి సగం. కాసేపటికి లేచి, రొమ్ముకంటుకున్న తడి చొక్కాతో, నవ్వుకుంటూ ఎండలో బస్‌స్టాపు వైపు నడిచిపోయారు.