పసుపు చుక్కల మోడల్

మా ఆయనకు పాడేరులో కిరాణా కొట్టు ఉంది. ఇంట్లో గ్లాసు తోమమంటే నడుం పట్టేసిందనే మనిషి, కిందటేడు పాత కారు ఒకటి కొని, దాని అల్లాయ్ చక్రాలు నాలుగూ విప్పి వాకిట్లో తోమడానికి కూర్చున్నాడు. రిమూవర్ పూసి పాత రంగు ఊడగొట్టాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు, వెండి రంగు కొట్టాడు, దాని మీద మెరుపు కోటింగు వేశాడు. నా గిన్నెల పీచు, నా మెత్తటి నూలు చీర, రెండూ ఆ సేవలోనే పోయాయి.

"పూర్తిగా ఆరేదాకా ఎవలూ ముట్టకండి" అని ఇంటిల్లిపాదినీ బెదిరించాడు. కోడిపిల్ల అటు నడిచినా కర్ర పట్టుకుని లేచేవాడు.

కోటింగు ఆరకముందే శుక్రవారం వచ్చింది. మంచిరోజు దాటిపోతుందని చక్రాలు బిగించి, పసుపు ముద్ద కలిపి, తన చేత్తోనే ఒక్కో చక్రానికి మూడేసి బొట్లు పెట్టాడు. మర్నాడు ఎంత కడిగినా అవి పోలేదు. పచ్చి కోటింగులోకి ఇంకిపోయాయి.

సరుకులకు వచ్చిన జీపు డ్రైవరు వంగి చూశాడు. "ఏటి బాబూ, ఈ పసుపురంగు సుక్కలు?"

మా ఆయన కాస్త కూడా తడుముకోలేదు. "మోడలే అంత. కంపెనీ నుంచి అలాగే వచ్చింది."

తర్వాతి సంతరోజున ఆ జీపు కొట్టు ముందు ఆగింది. బురద పట్టిన దాని ఇనప చక్రాల మీద పసుపురంగు పెయింటుతో మూడేసి చుక్కలు ఉన్నాయి. మా ఆయన నన్ను బయటికి పిలిచి మరీ మండిపడ్డాడు.

"సూసినావా, మన మోడల్ కాపీ కొట్టేసినాడు!"