జేబెజ్ టఫిన్ చదువు

ఇంగ్లండులోని సఫోక్ పల్లెల్లో పొలాల గట్ల వెంట కాలువలు తవ్వే కూలి జేబెజ్ టఫిన్‌కి నలభై రెండేళ్లు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. ఆ ఏటి చలికి నేల రాయిలా గడ్డకట్టింది. పార దిగక పని ఆగిపోయింది. మూడో వారంలో, చీకటి పడ్డాక, దొరగారి అడవిలోంచి రెండు కుందేళ్లు తెస్తూ దొరికిపోయాడు. అంతకుముందే ఒకసారి శిక్షపడ్డవాడు కాబట్టి మేజిస్ట్రేటు ఆరునెలల జైలు వేశాడు.

జైల్లో పగలంతా శిక్షగా మెట్లచక్రం తొక్కాలి, ఎంత ఎక్కినా పైకి చేరని మెట్లు. సాయంత్రం అరగంటసేపు పాస్టరుగారి బడి. జేబెజ్‌కి చక్రం దగ్గరకన్నా పలక దగ్గరే ఎక్కువ చెమట పట్టేది. అయినా రెండు నెలల్లో అక్షరాలన్నీ పట్టేశాడు.

"ఇంత బుర్ర పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావయ్యా?" అన్నాడు పాస్టరు.

"ఆకలేసి వచ్చానండీ."

విడుదలైన రోజు పదకొండు మైళ్లు నడిచాడు. పొలిమేరలో భార్య కెజాయా ఎదురొచ్చింది. ఇద్దరూ దొరగారి అడవి పక్కగా పోతుంటే జేబెజ్ గేటు దగ్గర ఆగి, బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు: "లోపలికి వచ్చినవారు జైలుకు పంపబడుదురు."

"ఇరవై ఏళ్లుగా ఈ బోర్డు పట్టుకునే కదే గేటు దూకుతున్నా!" అన్నాడు.

"తెలిస్తే మానేసేవాడివా?"

జేబెజ్ నిజాయితీగా కాసేపు ఆలోచించాడు. "మానేవాణ్ణి కాదు. బోర్డు లేనిచోట దూకేవాణ్ణి."

కెజాయా నవ్వలేదు. ఊళ్లో కనబడ్డవాళ్లందరికీ మాత్రం, "మా ఆయన చదువుకొచ్చాడు" అని చెప్పుకుంది. ఎక్కడ చదివాడని ఎవరూ అడగలేదు.