ఖమీస్‌కు అక్క తీసుకెళ్లిన ఇల్లు

మా పక్కింటి అక్క పోయిందని మొన్న బావగారు ఫోన్ చేశారు. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఏళ్ల తరబడి ఒకే గోడకు అటూ ఇటూ బతికిన వాళ్లం. ఆసుపత్రిలో ఆవిడ సీనియర్ నర్సు, నేను ఆవిడ కింద జూనియర్ని. వార్డులోనైనా వంటింట్లోనైనా నాకు ఆవిడ మాటే శాసనం.

ఓ ఏడు వాళ్లమ్మ చనిపోయింది. అక్క ఊరెళ్లి మట్టి చేసి వచ్చింది. దక్షిణాన ఖమీస్‌లో నర్సుగా ఉన్న చెల్లెలికి మాత్రం ఊరెళ్లి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా దొరకలేదు, చివరిచూపు దక్కలేదు. ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప మాట్లాడేది కాదు. కనీసం ఏడవనైనా ఏడవడం లేదని అక్కకి బెంగ.

"క్రిస్మస్‌కి ఒక్కరోజే ఆఫ్ అంట దానికి. అది ఇంటికి రాలేకపోతే ఇల్లే దాని దగ్గరికి తీసుకుపోదాం" అంది.

మాటవరసకి అనుకున్నాను. ఎక్కడ! దేశం వదిలి వెళ్తున్న ఓ ఇంజనీరు దగ్గర, కారు వెనక తగిలించుకునే కారవాన్ బావగారి చేత కొనిపించింది. మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న డబ్బా. చిక్కల్లా ఒకటే, దాన్ని తగిలించాక బావగారికి రివర్స్ రాదు. ఆయన ఎడమకు తిప్పితే అది కుడికి పోయేది. కాంపౌండ్ గోడకు తగిలి డబ్బాకి సొట్ట పడింది.

"మీరు నేర్చుకునేసరికి ఈస్టర్ వచ్చేస్తుంది. రివర్స్ అక్కర్లేని దారి నేను చూస్తాను" అంది అక్క.

కనబడ్డ లారీ డ్రైవర్‌నల్లా పిలిచి టీ పోసి అడిగింది, ఏ పెట్రోల్ బంకులో ఒకవైపు దూరి ఇంకోవైపు బయటపడొచ్చని. కరీంనగర్ అతనొకడు నవ్వాడు.

"అక్కా, బండి నువ్వే నడుపుతవా ఏంది?"

"బండి ఆయన నడుపుతారు. ఆయన్ని నేను నడుపుతాను."

రియాద్ దాటి ఎడారి పొడుగునా ముగ్గురం అలాగే వెళ్లాం. ఒక్కచోట కూడా వెనక్కి తిప్పే పని పడలేదు. అబ్బ, ఏం మనిషండీ! దక్షిణమంటే వెచ్చగా ఉంటుందనుకుని నేను స్వెటర్ తేలేదు. "ఖమీస్ కొండ మీదుందే మొద్దూ" అని తన శాలువా నాకు కప్పింది.

చెల్లెలు నైట్ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది. మంచం మీద అక్క, ఊరి నుంచి తెచ్చిన వాళ్లమ్మ దుప్పటి పరిచి ఉంచింది. ఆ పిల్ల దాన్ని చూసి, అందులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

చేపల పులుసు చల్లారిపోయింది. "ఉన్నది ఒక్కరోజు. లేపు దాన్ని" అన్నారు బావగారు.

"వద్దండీ, పడుకోనివ్వండి. ఎన్నాళ్లయిందో ఏంటో" అంది అక్క.

పొద్దు వాలేదాకా కారవాన్ మెట్టు మీదే కూర్చుంది. తలుపుకి వీపు ఆనించి, చలిగాలికి ముక్కు ఎర్రబడి, అటుగా ఎవరు వచ్చినా పెదాల మీద వేలు పెట్టి ఆపుతూ.