వెలుగు తిరిగిరాని చోటు గురించి చీపురుపల్లిలో చెప్పిన రోజు

1968 చివర్లో ఒక విదేశీ పత్రికలో కొత్త పేరు చదివాను: బ్లాక్ హోల్. చచ్చిపోయిన పెద్ద నక్షత్రం తన బరువుకి తానే కుంగిపోతూ, చివరికి వెలుగు కూడా బయటికి రాలేని చోటుగా మిగులుతుందట! అప్పుడు నేను విజయనగరంలో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటర్ని. ఉత్సాహం పట్టలేక, చీపురుపల్లి హైస్కూల్లో పాఠాలు చెప్పే స్నేహితురాలు సరళకు ఉత్తరం రాశాను. "ఆదివారం వచ్చి మా ఊరివాళ్ళకి తెలుగులో చెప్పు" అని జవాబు వచ్చింది. కింద ఇంకో మాట: "హెడ్మాస్టారు ఈ ఒక్క సభకే ఒప్పుకున్నారు. నవ్వులపాలైతే మళ్ళీ సైన్సు సభ ఉండదు."

పొద్దున్న ఏడింటి ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు రూపాయి లోపే. నెల్లిమర్ల, గరివిడి దాటి చేరడానికి గంట పైనే పట్టింది. బయట వరి కోతలు సాగుతున్నాయి, నార కోసం గుంటల్లో నానబెట్టిన గోగుకట్టల వాసన పెట్టెలోకి కొడుతోంది. నేను మాత్రం తెలుగు మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను. స్టేషన్ బయట జట్కా ఎక్కితే, "ఏటి పని మీద వొచ్చినారమ్మా?" అన్నాడు బండతను. చెప్పాను. "సచ్చిపోయిన సుక్క గురించి సెప్పడానికా!" అని పగలబడి నవ్వాడు. దారంతా నా తెలుగు మాటల్ని మళ్ళీ వల్లెవేసుకున్నాను.

సరళ అద్దెకున్న ఇంటావిడ పైడమ్మ, సొంతంగా సేద్యం చేసుకునే మనిషి. ఉలవచారు పోస్తూ, "బాగా తిను. నానూ వొస్తాను, సూస్తాను నువ్వేటి సెప్తావో" అంది.

మూడింటికి బడి వరండా నిండిపోయింది. రాయి పైకి విసిరితే పడుతుంది, ఇంకా గట్టిగా విసిరితే ఇంకా పైకి వెళ్ళి పడుతుంది, చాలినంత వేగంగా విసిరితే ఇక తిరిగిరాదు. ఆ నక్షత్రం దగ్గర బయటపడడానికి వెలుగంత వేగం కూడా చాలదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడు పైడమ్మ లేచింది.

"మరి లోపల పడిందేటవుతాదమ్మా?"

ముందు వరసలో హెడ్మాస్టారు నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. 

"తెలీదు," అన్నాను. "మా లెక్కలు అక్కడిదాకా వెళ్ళి ఆగిపోతాయి. నాకే కాదు, ప్రపంచంలో ఎవరికీ తెలీదు."

"ఎవులికీనా? అయితే సదువుకున్నోలూ నానూ ఒకటేనా?"

"అక్కడికొచ్చేసరికి ఒకటే."

"బాగున్నాది! అయితే అందరం కూకుని ఆలోసిద్దుం!" అని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఇక ప్రశ్నల వాన. ఆఖరికి హెడ్మాస్టారే లేచి, "అక్కడ కాలం కూడా ఆగిపోతుందా అండీ?" అని అడిగారు. వెళ్ళేముందు సరళతో, "వచ్చే నెల ఎవర్ని పిలుద్దాం?" అన్నారు.

అన్నేళ్ళు చదివింది జవాబుల కోసమే అనుకునేదాన్ని. తెలీదని అంతమంది ముందు ఒప్పుకున్నాక కలిగిన సంతోషం, ఏ పరీక్ష ఫలితంలోనూ ఎరగను.

ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. నేనెక్కాల్సిన ఐదున్నర బండి కూత వరండాలో అందరం విన్నాం, ఒక్కరూ లేవలేదు.