మూడిళ్లలో ఒకే కుర్చీ

ఇన్నేళ్లూ దీన్ని ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. నలభై ఆరో ఏట పలక పట్టాను. గుణింతాలు ఒంటబట్టడానికి ఏడాది, ఎవరి సాయమూ లేకుండా ఒక ఉత్తరం రాయడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఇలా చెబితే మీరు నమ్ముతారు. నేనూ చాలాకాలం నమ్మాను. కానీ ఇది సగమే నిజం. రాయడం రాకపోతే నోరు లేదా? అబద్ధం చెప్పడానికి అక్షరాలు అక్కర్లేకపోయాయి కదా, నిజం చెప్పడానికి మాత్రం ఎందుకు కావాల్సి వచ్చాయి?

ఇరవై రెండేళ్లు మోశాను. రోజూ గుర్తుండేది కాదు. పొద్దున్నే చీపురు పట్టుకుని వీధిలోకి దిగితే పని తప్ప ఇంకేదీ తోచదు. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు మాత్రం అది లోపల కదిలేది. ఈ వయసులో చదువు నేర్చుకున్నానని, నాకు అక్షరాలు నేర్పిన మా సెంటర్లో నన్ను తరచుగా మెచ్చుకుంటారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. అందుకని మెప్పంటేనే నాకు భయం పట్టుకుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి "పోనీలే" అంటారు. నాకు ఆ మాట వద్దు. చివరిదాకా వినండి, చాలు.

మాది శ్రీకాకుళం వైపు. మా తాతల కాలంలోనే మావాళ్లు కలకత్తా వచ్చి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనిలో చేరారు. మేముండే గదుల వరసని లైను అంటాం. మా ఆయన పోయాక ఆయన పని నాకిచ్చారు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్లు నిండలేదు. పనికి వెళ్లేటప్పుడు పిల్ల నడుముకి పాత చీర పీలిక చుట్టి, రెండో కొస మంచం కోడుకి కట్టి వెళ్లేదాన్ని. తిరిగొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి నేల మీదే నిద్రపోయి ఉండేది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఏమో, సాకుగానే చెబుతున్నానేమో. మీరే చూసుకోండి.

ఆ రోజుల్లో ఒక బెంగాలీ ఆవిడ మా లైనుకి రావడం మొదలుపెట్టింది. కాలేజీలో పాఠాలు చెప్పేది. అందరూ దిదిమణి, అంటే టీచరమ్మ, అనేవారు, మేమూ అలాగే పిలిచాం. ఆవిడ రెండు చోట్ల తెలుగువాళ్లు ఎలా బతుకుతున్నారో పోల్చి చూస్తోంది. ఒకటి మా కార్పొరేషన్ లైను. రెండోది కలకత్తా శివారు బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు కూలీల లైను. ఇళ్లు, నీళ్లు, పని, పిల్లల చదువు, ఆడవాళ్ల ఆరోగ్యం, అన్నీ పక్కపక్కన పెట్టి రాసుకునేది. ఎక్కడ అవసరం ఎక్కువని తేలితే అక్కడ ఒక సంస్థవాళ్లు సెంటరు పెడతారు. తల్లులు పనికి వెళ్తే పిల్లల్ని అక్కడ చూసుకుంటారు, తర్వాత పెద్దవాళ్లకి చదువు కూడా చెబుతారు. పెట్టేది ఒక్కచోటే.

మిల్లు లైను ఆడవాళ్లకి బెంగాలీ అంతంతమాత్రం. దిదిమణికి తెలుగు రాదు. నాకు రెండూ వచ్చు. వాళ్ల మాట ఆవిడకీ, ఆవిడ మాట వాళ్లకీ చెప్పే పని నాకు పడింది.

మొదటిసారి సియాల్దా స్టేషన్లో లోకల్ రైలెక్కి అక్కడికి వెళ్తుంటే దిదిమణి నాకొక సంగతి చెప్పింది. అమెరికాలో నవాహో, అపాచీ అని రెండు జాతులున్నాయట. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్లు. ఇరుగుపొరుగు. వాళ్ల భాషలు కూడా అక్కాచెల్లెళ్లలా కలుస్తాయట. నవాహోలు గొర్రెల్ని పెంచి, ఉన్ని నేసి బతికారు. అపాచీల్లో చాలామంది పశువుల్నీ అడవి పనినీ నమ్ముకున్నారు. ఒక్క మూలం నుంచి వచ్చినవాళ్లు రెండు దారుల్లో ఎలా పడ్డారో, ఎవరింటికి నీళ్లు ఎంత దూరమో, ఎవరి పిల్లలు బడికి పోతున్నారో, చదువుకున్నవాళ్లు వెళ్లి అడిగి, పోల్చి, పుస్తకాలు రాశారట. "మీరూ అంతే. ఒకే జిల్లా నుంచి వచ్చి ఒకరు చీపురు పట్టారు, ఒకరు జనపనార పట్టారు" అంది. ఆ మనుషుల మాట రాసేవాళ్లకి ఎవరు చెప్పారు దిదీ, అని అడిగాను. ఆవిడ నవ్వి, "నీలాంటిది ఎవరో ఉండే ఉంటుంది" అంది.

ఆ మాట తర్వాత నన్ను చాలా పీడించింది. నాలాంటిది. అక్కడ కూడా ఒక ఆడమనిషి రెండు భాషల మధ్య నిలబడి, తన పిల్లని మనసులో పెట్టుకుని, ఒక్క మాట మార్చేసి ఉంటే? ఆ పుస్తకం చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

నేను మార్చింది ఒక్క మాట కాదు. ఇక చెప్పేస్తాను.

దిదిమణి ఇంటింటికీ వెళ్లి అడగడానికి వారం ముందు, వాళ్లు బెదిరిపోకుండా ముందుగా చెప్పిరమ్మని నన్ను పంపింది. ఒక ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. పైడమ్మ అని, మిల్లులో పని చేసే మనిషి, ఇంచుమించు నా ఈడుది. ఆ లైనులో ఆడవాళ్లంతా ఆవిడ మాట వింటారు. గుమ్మంలో ఆవిడ కూతురు గౌరి నిలబడి ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. సంకలో తమ్ముడు. వాణ్ణి మోసీ మోసీ ఆ పిల్ల నడుము ఒక పక్కకి ఒరిగిపోయింది. తల్లి మిల్లుకి పోతే వాణ్ణి చూసుకునేది అదే. నేను నా బిడ్డని మంచం కోడుకి కట్టాను, పైడమ్మ తన బిడ్డని ఇంకో బిడ్డకి కట్టింది. అంతే తేడా. అది నాకు ఆ గుమ్మంలోనే తెలిసింది. తెలిసే చేశాను.

పైడమ్మ టీ ఇచ్చి, నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ దిదిమణికి మేం ఏటి సెప్పాలప్పా? లేనియి లేవని సెప్పీమంటావా?"

"లేవని ఏడిస్తే ఆ కాయితం మిల్లు ఆపీసుకెల్తాది. ఈల్లకి ఈ గదులు సాల్లేదంట, కాళీ సేయించండి అంటారు. అన్నీ ఉన్నాయనే సెప్పండి."

"ఓలమ్మ! నిజఁవేనేటి?"

"నీకు అబద్దం సెప్తానేటే? నీదీ నాదీ ఒక జిల్లా కాదేటి?"

"మరి మా గుంట బడికెల్తందా అని అడిగితే?"

"ఎల్తందని సెప్పు."

పైడమ్మ పకపకా నవ్వింది. "ఎల్తాది, ఎల్తాది. పిల్లోడ్ని సంకనెట్టుకుని, పలక నెత్తినెట్టుకుని మరీ ఎల్తాది!" కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ అంది. "బెంగెట్టుకోకప్పా. పెల్లిసూపులకి సర్దినట్టు సర్దేత్తాం. మీ దిదిమణికి మా సమ్మందం నచ్చకపోతే అప్పుడడుగు."

కాగితం మిల్లు ఆఫీసుకి వెళ్లడం అన్నది నేను అప్పటికప్పుడు పుట్టించిన మాట. అలాంటిదేమీ లేదు. దిదిమణి ఎవరి పేరూ బయట పెట్టనని నా ముందే ఎన్నోసార్లు చెప్పింది. ఆ మాట వాళ్లకి చెప్పమని కూడా చెప్పింది. నేను చెప్పలేదు.

పెళ్లిచూపులకి సర్దడం అంటే మా లైన్లలో ఒక మర్యాద. పిల్లని చూడడానికి ఎవరైనా వస్తున్నారంటే ఆ ఇంటి పరువు లైను మొత్తానిది. ఒకరి కుర్చీలు, ఒకరి ఫ్యాను, ఒకరి స్టీలు పళ్లెం, ఒకరి కొత్త దుప్పటి, అన్నీ ఆ ఇంటికి చేరతాయి. వచ్చినవాళ్లకి తెలియదు. మేం మాత్రం ఏ గ్లాసు ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగలం.

వారం తర్వాత దిదిమణితో వెళ్లాను. మొదటి ఇంట్లో ఆవిడకి నీలం కుర్చీ వేశారు. దాని చేతి మీద దోమల చక్రం అంటుకుని నల్లగా కాలిన మచ్చ. ముందు జాలీ ఊడిపోయిన బల్ల ఫ్యాను. అంచు సొట్టపోయిన స్టీలు పళ్లెంలో బిస్కట్లు. రెండో ఇంట్లో అదే మచ్చ, అదే ఫ్యాను, అదే సొట్ట. మేం ముందు గుమ్మంలో మాట్లాడుతుంటే వాళ్లు వెనక సందులోంచి మోసుకెళ్లారు. మూడో ఇంట్లో కుర్చీ కాళ్లకి సందులోని తడి ఇంకా ఆరలేదు. దిదిమణి కూర్చుంది. నేను మచ్చ వైపు చూశాను. పైడమ్మ నా వైపు చూసి కన్ను గీటింది, ఎలా ఉందీ మా సర్దుడు అన్నట్టు. ఆవిడ నన్ను తనదాన్ని అనుకుంది. నేను ఆవిడ వైపు నవ్వి, దిదిమణి వైపు తిరిగి, "ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి చూశారా దిదీ" అని బెంగాలీలో అన్నాను. ఆవిడ రాసుకుంది.

మా లైనుకి ఆవిడ వచ్చిన రోజు దీనికి సరిగ్గా ఎదురు చేయించాను. ఫ్యాన్లు అటకెక్కించాం. మంచి దుప్పట్లు మడిచి దాచాం. మా అమ్మాయి నడుముకి పీలిక కట్టి, విప్పకుండా ఉంచాను. అది మాత్రం రోజూ ఉండేదే. కానీ ఆ రోజు ఆవిడ కళ్లబడాలని ఉంచాను.

సెంటరు మాకు వచ్చింది. మా అమ్మాయి అక్కడే పెరిగింది, అక్కడ్నుంచే బడికి వెళ్లింది. ఇప్పుడు న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. బెంగాలీ, ఇంగ్లీషు గలగలా చదువుతుంది గానీ తెలుగు చదవలేదు. అందుకే ఈ కాగితాలు టేబుల్ మీద ధైర్యంగా వదిలేసి పనికి వెళ్తున్నాను. సెంటర్లో పెద్దవాళ్ల చదువు మొదలయ్యాక బ్యాంకు ఆఫీసరుగారి భార్య ఒకావిడ వచ్చి మాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు అవే. ఇవి నాకు రావలసినవేనా? నాకూ అవసరమే, అది అబద్ధం కాదు. కానీ నిజం చెప్పి ఉంటే ఎవరికి వచ్చేవో నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

ఐదేళ్ల కిందట ఒక పెళ్లిలో గౌరి కనిపించింది. ఇద్దరు పిల్లల తల్లి. తల్లి ఉన్న లైనులోనే ఉంటూ, మిల్లులో గోనె సంచులు కుడుతోంది. చేతిలో శుభలేఖ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, నువ్వు సదువు నేర్సుకున్నావంట కదా, ఇందులో మా అమ్మ పేరు ఏసినారో లేదో సూసి సెప్పు" అంది. నేను చూశాను. పేరు ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆ పిల్ల ఆ మూడు అక్షరాలని చేత్తో మెల్లిగా నిమిరి, నా వైపు ఎంతో గొప్పగా చూసింది. ఆ రోజు భోజనం చేయకుండా వచ్చేశాను. అప్పుడైనా చెప్పానా? లేదు. తలనొప్పి అన్నాను.

పోయిన నెల సెంటరువాళ్లు ఒక చిన్న తెలుగు పుస్తకం వేశారు, సెంటరు ఎలా మొదలైందో చెబుతూ. నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అందులో ఒకచోట ఇలా ఉంది: మిల్లు లైను స్త్రీలు తమకు ఏ లోటూ లేదన్నారు, చదువు మీద ఆసక్తి కనబరచలేదు. మూడుసార్లు చదివాను. నా నోట్లోంచి వచ్చిన గాలి అచ్చులో నల్లగా కూర్చుని ఉంది. ఆసక్తి లేదట. పలక నెత్తిన పెట్టుకుని వెళ్తుందని నవ్విన మనిషికి ఆసక్తి లేదట! నోటిమాటగా ఉన్నన్నాళ్లూ నాతోపాటే పోతుందనుకున్నాను. ఇప్పుడు అది నా తర్వాత కూడా ఉంటుంది. పైడమ్మ మనవలు చదువుకుంటే, ఏదో ఒకరోజు వాళ్లే దాన్ని చదువుతారు.

తర్వాతి పుస్తకానికి నా కథ రెండు పేజీలు రాసిమ్మని సెంటరు అమ్మాయి అడిగింది. కష్టపడి ఎలా చదువుకున్నానో రాయమంది. నేను ఇది రాశాను. పేరు వేయొద్దని అడుగుతాను. లైనులో అందరికీ ఎలాగూ తెలిసిపోతుంది, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా రాయడానికి ఎనిమిది రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు రాసిందల్లా కొట్టేశాను. మచ్చ ఉన్న కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కొట్టివేతలు ఆగాయి. నిన్న సాయంత్రం చివరి మాట అనుకున్నది రాసి, టీ పెట్టుకుని తాగాను. ఎన్నో ఏళ్ల తర్వాత టీకి టీ రుచే ఉంది. నాకు సిగ్గు తగ్గలేదు. దాచే పని మాత్రం తీరిపోయింది. దాచడం ఇంత శ్రమ అని అది ఆగాకే తెలిసింది.

ఈ పొద్దున పనికి సెలవు పెట్టి, బడ్జ్ బడ్జ్ లోకల్ ఎక్కాను. ఈ చివరి ముక్క తిరిగొచ్చాక రాత్రి రాస్తున్నాను. అచ్చు కాకముందు పైడమ్మ వినాలి. మోకాళ్లు పట్టేసి ఆవిడ మిల్లు మానేసింది, గుమ్మంలో కూర్చుని ఉంది. ఎందుకొచ్చావని అడిగితే కాగితాలు తీసి చదివాను. నా చదువు నెమ్మది, ఒత్తుల దగ్గర ఆగుతాను. ఆవిడ ఒక్కసారీ అడ్డు రాలేదు. పెళ్లిచూపుల మాట దగ్గర నవ్వబోయి, నవ్వలేదు. నేను క్షమించమని అడగలేదు. ఆవిడా ఆ మాట ఎత్తలేదు. అంతా అయ్యాక గోడ పట్టుకుని లేచి, లోపలికి తిరిగి కేక వేసింది.

"ఓలె గవురీ! లైనులో ఆడోల్లందర్నీ పిలు. ఇల్లిల్లూ తిరిగి పిలు." తర్వాత నా వైపు చూడకుండానే అంది. "నాకొక్కదానికి సదివితే సాల్దు. కూకో. అందరూ వొచ్చినాక మొదట్నించీ సదువు."

ఒక్కొక్కరే వచ్చి నేల మీద కూర్చున్నారు. కొందరు నన్ను గుర్తుపట్టి నవ్వారు. గౌరి అందరికంటే ముందు కూర్చుంది. నేను మొదటి కాగితం పైకి తీసి, వెనక ఉన్నవాళ్లకి కూడా వినబడేలా చదవడం మొదలుపెట్టాను.