పాటకు ఎదురు పాడిన సల్లూహా

మా కెర్కెనా దీవుల్లో ఫెర్జానీ పాట వినని చెవి ఉండేది కాదు. పెళ్ళి ఊరేగింపులో డోలు మోగి సన్నాయి లేచిందంటే చాలు, గుంపులోంచి ఎవరో ఒకరు అరిచేవారు: "ఆ రాతిగుండెదాని పాట అందుకోవయ్యా!"

ఆ రాతిగుండెది మా తోటికోడలు సల్లూహా, నేను అక్కా అని పిలిచే మనిషి.

నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వెళ్ళేసరికే ఆ పాట దీవి దాటి అవతలి ఒడ్డున స్ఫాక్స్ రేవు దాకా పాకిపోయింది. పాటలోని సల్లూహా సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కిటికీ దగ్గర నిట్టూరుస్తూ ఉంటుంది. మా ఇంటి సల్లూహా పొట్టిగా, గట్టిగా ఉండేది. ఆక్టోపస్‌ను రాతి మీద బాది మెత్తబరచడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు మా రమ్లా ఊళ్ళోనే లేరు. నిట్టూర్చడానికి ఆమెకు తీరికెక్కడిది?

అసలు జరిగింది చాలా చిన్న సంగతి. చలికాలంలో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మా ఆడవాళ్ళు బట్టలు మోకాళ్ళ పైకి ఎగదోపి, లోతులేని సముద్రంలో నడుచుకుంటూ రాళ్ళ సందుల్లో ఆక్టోపస్‌లు పడతారు. అప్పటికి సల్లూహాకు పెళ్ళి కాలేదు. ఒక పొద్దున గాలి ఆమె తలగుడ్డను లాక్కుపోయి, చేపల కోసం నీళ్ళలో పాతిన ఈతమట్టల దడి మీద పడేసింది. ఆ దడి ఫెర్జానీది. అతను గుడ్డ తీసి, నీళ్ళు పిండి, తెచ్చి ఇచ్చాడు.

"దేవుడు నీకు ఆరోగ్యమివ్వాలి, అన్నా," అని ఆమె గుడ్డ కట్టుకుని, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అంతే. ఇంతకు మించి వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేదు, ఒక్క చూపు లేదు. సల్లూహా మధ్యాహ్నానికల్లా ఆ సంగతి మరిచిపోయింది. ఫెర్జానీ మాత్రం మరవలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. పెళ్ళి మేళంలో డోలు కొట్టి పాడేవాడు. గొంతు విప్పితే వలలు బాగుచేసుకునే ముసలాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారు. ఎవరి వెంటా పడలేదు, ఎవరి గోడా దూకలేదు. చెడ్డవాడైతే ఒక కర్ర దెబ్బతో పోయేది. మంచివాడు కావడం వల్లే సల్లూహాకు అన్ని కష్టాలు వచ్చాయి.

మేళంలో పెద్ద డోలు కొట్టే అయ్యాషీ అనే ముసలాయన తర్వాత నాకు చెప్పాడు. ఆ రోజే కాఫీ అంగట్లో ఫెర్జానీ ముఖం వెలిగిపోతూ కూర్చున్నాడట.

"బాబాయ్, గాలి ఊరికే వీస్తుందా? ఆ గుడ్డ నా దడి మీదే ఎందుకు పడాలి?"

"గాలి అటే వీస్తోంది కనక, నాయనా."

"నీకు తెలీదు. ఆ పిల్ల ముడి వదులుగా కట్టుకుంది."

"అన్నా అని పిలిచిందంటున్నావుగా!"

"పక్కన ఆడవాళ్ళున్నారు. మరెలా పిలుస్తుంది?"

అయ్యాషీ నెత్తి కొట్టుకున్నాడు. ఆ వారంలోనే పాట పుట్టింది.

*గాలి చేతికి గుడ్డనిచ్చీ కబురు పంపిన సల్లుహా*
*కబురు అందిన నన్ను చూడక కదలిపోతివి సల్లుహా*

పేరుతో సహా పెట్టేశాడు. పాట బాగుంది మరి. బాగోకపోతే ఎంత బాగుండేది!

అతని తల్లి ఖర్జూరాల పళ్ళెంతో పిల్లనడగడానికి వచ్చింది. సల్లూహా తండ్రి కూతుర్ని అడిగాడు. "నాకు ఇష్టం లేదు నాన్నా," అంది ఆమె. ఆ మాట విని ఫెర్జానీ, "అది తండ్రి మాట, ఆమెది కాదు," అన్నాడు. తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి సల్లూహా తలుపు చాటు నుంచే వినబడేలా, "వద్దత్తా, మీ అబ్బాయికి వేరే పిల్లను చూసుకోండి," అంది. "ఎవరో వెనక నిలబడి చెప్పించారు," అన్నాడు ఫెర్జానీ. చివరికి ఆమే అతన్ని పట్టపగలు సందులో ఆపింది.

"అన్నా, నాకు నీ మీద అలాంటి మనసేమీ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నా దారిన నన్ను పోనీ."

అతను పండగలాంటి ముఖంతో కాఫీ అంగడికి వెళ్ళాడు. "చెప్తున్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను!" ఆ రోజు వీధంతా ఉప్పుగాలి. కళ్ళల్లో నీళ్ళు తిరగనివాడు ఊళ్ళో ఒక్కడు లేడు.

తర్వాత సల్లూహా మా బావగారు తీజానీని చేసుకుంది. ఆయన పడవలు చేసే వడ్రంగి. ఆమె తండ్రి పడవకు చెక్క మార్చడానికి వచ్చి, మూడు పూటలు ఉండి, ఇంటిల్లిపాదినీ నవ్వించి వెళ్ళాడు. ఈ మనిషినే చేసుకుంటానని తండ్రికి ఆమె నోటితోనే చెప్పింది. ఫెర్జానీ పాటకు మాత్రం ఇంకో చరణం పుట్టుకొచ్చింది. అందులో సల్లూహాను బంగారు పంజరంలో పెట్టి తాళం వేశారు. మా బావ ఆ చరణం వినబడినప్పుడల్లా తారు డబ్బాలన్నీ కదిలించి వెతికేవాడు. "బంగారమట! ఎక్కడ పెట్టామే? దొరికితే కప్పు బాగుచేయిద్దాం."

ఆయన నవ్వాడు గానీ, అందరూ నవ్వలేదు. మా అత్తగారు, "నిప్పు లేనిదే పొగ రాదమ్మా," అని మూతి ముడిచేది. బావి దగ్గర ఆడపిల్లలు కడవ నింపుకుంటూ కూనిరాగం తీసేవారు. ఆమె వస్తే ఆపేవారు. ఆపడం ఇంకా నొప్పి. ఫెర్జానీ పెళ్ళి మానుకున్నాడు, చిక్కిపోయాడు, అందరూ అతని కోసం కళ్ళు తుడుచుకున్నారు. కూతురు నజీబా బడి నుంచి వచ్చి, "అమ్మా, నీకు జాలి లేదంటున్నారు, నిజమేనా?" అని అడిగిన రోజున సల్లూహా పిండి కలుపుతున్న చేతులు అలాగే గిన్నెలో ఉండిపోయాయి.

కొన్నేళ్ళకు పాట క్యాసెట్టులోకి ఎక్కింది. ఒకసారి నేనూ ఆమే స్ఫాక్స్ వెళ్ళే పెద్ద పడవలో కూర్చున్నాం. పడవవాడు అదే పాట పెట్టాడు. పక్కన స్ఫాక్స్ ఆవిడ ఒకామె ముక్కు చీదుకుంటూ మాకు వేయించిన గుమ్మడి గింజలు పెట్టింది.

"వింటున్నారా అమ్మా? ఎంత ప్రేమ! ఆ సల్లూహా ముండ ఎక్కడుందో గానీ, దాని కడుపు కాల!"

"కడుపు బానే ఉంది," అంది మా అక్క గింజ ఒలుచుకుంటూ. "పొద్దున బార్లీ రొట్టె తిన్నాను."

ఆవిడ ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక గింజల పొట్లం మూసి, ఒళ్ళో పెట్టుకుని, "పాపం, అతనికి ఒక్క మాటైనా చెప్పాల్సింది కదమ్మా," అంది.

"మూడుసార్లు చెప్పాను వదినా. నా మాటకు రాగం లేదు. అందుకే ఎవరికీ వినబడలేదు."

నాకు బాగా గుర్తు, ఆ మాట అన్నాక ఆమె తనలో తనే ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది. రేవు వచ్చినా లేవలేదు. నేనే భుజం తట్టాను.

నజీబాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయిది కెల్లాబీన్ ఊరు. వాళ్ళమ్మ షెల్బియా మనసులో కల్మషం లేని మనిషి. నోటికి మాత్రం గొళ్ళెం లేదు. ఒకరోజు ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

"వియ్యపురాలా, శుభవార్త! ఫెర్జానీ మేళాన్నే మాట్లాడాం. నీ పాట నీ కూతురి పెళ్ళిలో! ఇంతకంటే గౌరవం ఏముంటుంది చెప్పు?"

ఎప్పుడూ నవ్వే మా బావ లేచి నిలబడ్డాడు. "ఆ మేళం నా గుమ్మం తొక్కదు."

"తొక్కనీ," అంది సల్లూహా.

"ఏమిటే?"

"రానీ అన్నాను. పాడనీ."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె తీరు నాకు అంతుపట్టలేదు. నీళ్ళ ఒడ్డున ఆక్టోపస్‌ను రాతి మీద బాదుతూ పెదవులు కదిపేది. బాదేది, ఆగేది, తల అడ్డంగా ఊపేది, మళ్ళీ బాదేది.

"అక్కా, అది చచ్చి చాలాసేపైంది. ఇంక వదిలెయ్."

"ఉండవే. తాళం కుదరడం లేదు."

పెళ్ళి రోజు సాయంత్రపు ఎండలో మా వాకిలి నిండిపోయింది. ఎర్ర ఉన్ని శాలువాలతో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మధ్యలో మేళగాళ్ళ అలవాటు ప్రకారం ఎర్ర అంగీలు, తెల్ల లంగాలు వేసుకున్న మగవాళ్ళు గిరగిరా తిరుగుతూ డోళ్ళు వాయిస్తున్నారు. ఫెర్జానీ జుట్టు సగం నెరిసింది. గొంతు మాత్రం అలాగే ఉంది. అతను గుమ్మంలో కూర్చున్న సల్లూహా వైపు చూస్తూ, ఆమెను కాదు, మరెవరినో చూస్తున్నవాడిలా కళ్ళు అరమూసి అందుకున్నాడు. గాలి, గుడ్డ, కబురు, పంజరం. షెల్బియా కళ్ళు తుడుచుకుంది. కెల్లాబీన్ వాళ్ళంతా మా అక్కను వేలెత్తి చూపించుకుంటున్నారు.

మా దీవి ఆచారం ఒకటుంది. చరణం అయ్యాక పెద్ద డోలు కాసేపు ఒంటరిగా నడుస్తుంది. పాటకు ఎవరైనా జవాబు చెప్పాలనుకుంటే అప్పుడు చెప్పొచ్చు. మగవాళ్ళు సరదాకి చెప్పుకుంటారు. ఆడవాళ్ళ వైపు నుంచి జవాబు రావడం నేనెప్పుడూ వినలేదు.

సల్లూహా లేచి, వాకిలి మధ్యకు నడిచి, అయ్యాషీ ముసలాయన డోలు పక్కన నిలబడింది. ఆయన ఆమె ముఖం చూసి తాళం ఆపలేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టాడు.

ఆమె గొంతు తీయనిది కాదు. నీళ్ళ మధ్య దూరంగా ఉన్నవాళ్ళను పిలవడానికి అలవాటుపడ్డ గొంతు.

*గాలికెగిరిన గుడ్డ నాదే, కబురు మాత్రం నీది అన్నా*
*నోరు తెరిచీ వద్దు అంటే, ఔను అంటూ వింటివన్నా*

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫెర్జానీ కళ్ళు పూర్తిగా తెరిచాడు.

*తండ్రి చాటున దాచలేదు, తాళమేసీ పెట్టలేదు*
*నచ్చినోడిని నేను కోరీ నవ్వుకుంటూ వచ్చినాను*

"పంజరం నాది!" అని మా బావ వెనక నుంచి అరిచాడు. మగవాళ్ళు గొల్లుమన్నారు. కానీ మూడో చరణానికి ఆమె నవ్వలేదు, ఎవర్నీ నవ్వనివ్వలేదు.

*నీవు వలచిన పిల్ల ఎవరో నేను ఎన్నడు చూడలేదు*
*దాని నువ్వే ఉంచుకో, నా పేరు నాకే ఇచ్చిపోవోయ్*

డోలు నడుస్తూనే ఉంది. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి మా అత్తగారు, నిప్పు లేనిదే పొగ రాదన్న ఆ అత్తగారే, నాలుక తిప్పుతూ పెళ్ళికూత పెట్టింది. ఇంక ఆడవాళ్ళంతా లేచారు. ఆ కూతలకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి.

ఫెర్జానీ డోలు నేల మీద పెట్టాడు. కూతలు సద్దుమణిగేదాకా ఆగి, చిన్నగా అడిగాడు.

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదన్నా."

"సందులో... ఆ రోజు నీ కళ్ళల్లో నీళ్ళు..."

"ఉప్పుగాలి. నీ కళ్ళల్లోనూ ఉండుంటాయి, నువ్వు చూసుకోలేదు."

అతను తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "మరి ఇన్నేళ్ళూ నేను ఎవరికోసం పాడాను, చెల్లీ?"

చెల్లీ అన్నాడు. ఆ మాట మేమందరం విన్నాం.

"అది నువ్వే తేల్చుకోవాలి. చాలా బాగా పాడావు. అది మాత్రం అబద్ధం కాదు."

అయ్యాషీ గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ నాయనా, పెళ్ళికూతురు నిలబడి ఉంది. ఏడిస్తే రేపు ఏడువు. ఇప్పుడు డోలు తియ్."

ఫెర్జానీ డోలు తీశాడు. ఆ సాయంత్రం అతను వాయించినట్టు మళ్ళీ ఎవరూ వాయించలేదని ఇప్పటికీ మా వాళ్ళంటారు. నజీబా అరికాళ్ళు ఎర్రబడేదాకా ఆడింది. మా అక్క భర్త చెయ్యి పట్టుకుని గుంపు మధ్యలోకి లాగింది. ఆయనకు ఆట రాదు, అయినా ఆడాడు.

ఆ తర్వాత ఫెర్జానీ కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు రాలేదు. అతని దడి కూలిపోతుంటే కూడా పట్టించుకోలేదు. అందరూ భయపడ్డారు. ఒక వసంతంలో మాత్రం కొత్త మట్టలు కోసుకొచ్చి మళ్ళీ పాతడం మొదలుపెట్టాడు. క్రాతెన్ ఊళ్ళో ఒక వితంతువును చేసుకున్నాడు. ఆమె మీద పాట కట్టలేదేమని ఎవరో అడిగితే ఆమే జవాబిచ్చింది: "దేవుడి దయ వల్ల! నాతో మాట్లాడితే చాలు, నా గురించి పాడక్కర్లేదు."

పాత పాట చావలేదు. జనం అడుగుతూనే ఉన్నారు. అతను పాడేవాడు కూడా, కానీ సల్లూహా అన్నచోట 'పేరులేని చిన్నదానా' అని మార్చాడు. చరణం అయ్యాక తనే పక్కకు తప్పుకుని ఆడవాళ్ళ వైపు చెయ్యి చాపేవాడు. జనం జవాబు కోసమే ఎదురుచూడసాగారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పిల్ల లేచి సొంత జవాబు కట్టసాగింది. కొన్ని ఎంత ఘాటుగా ఉండేవంటే, పెళ్ళికొడుకులు ముందే వచ్చి మా అక్కను బతిమాలేవారు. "పిన్నీ, మా పెళ్ళికి మీరే రండి. మా ఊరి పిల్లలు పాడితే మా పరువు దక్కదు."

ఆమె వెళ్ళేది. అట్టాయా, మెల్లీతా, ఎక్కడ డోలు కట్టినా వెళ్ళేది. ముందు వరసలో కుర్చీ ఆమెదే. "ఎవరికైనా ఏదైనా చెప్పాలనుంటే తాళం మీద చెప్పండమ్మా, తర్వాత గొణుక్కోకండి," అని పిల్లలకు చెప్పేది. మోకాళ్ళు నొప్పి పెట్టే వయసులో కూడా మానలేదు. మా బావ ఆమె సంచీ, శాలువా మోసుకుంటూ వెనక నడిచేవాడు.

"ఎవరిదే ఈ పెళ్ళి? మనకేమవుతారు?"

"ఏమీ కారు. పిలిచారు."

"భోజనంలో ఆక్టోపస్ ఉంటుందా?"

"ఉంటుంది. నడువు."